సినిమా స్టార్ ఇండిపెండెంట్‌గా ఎంపీ సీటు గెలవగలరా? మన కర్నూలు, అనంతపురం, కడప వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్నికల గాలి మొదలైందంటే చాలు, ఆదోని టీ అంగడి దగ్గరైనా, అనంతపురం క్లాక్ టవర్ కింద అయినా ఇదే మాట. ఫలానా హీరో ఏ పార్టీలోనూ చేరకుండా సొంతంగా నిలబడితే మన ఎంపీ సీటు కొట్టేస్తాడని ఒకరు, డిపాజిట్ కూడా రాదని ఇంకొకరు. అభిమాన సంఘాల తమ్ముళ్లు అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతుంటే అన్నీ ఒకచోట రాసిపెడదామని కూర్చున్నా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు, దేనికది విడిగానే అర్థమవుతుంది.

## నిలబడాలా వద్దా అని ఆలోచించే దశ

సూటిగా చెప్పన్నా, మా హీరో ఏ పార్టీ లేకుండా ఎంపీగా నిలబడితే గెలుస్తాడా?

గెలవొచ్చు, ఇంతకుముందు గెలిచినవాళ్లూ ఉన్నారు. 2014లో కేరళలోని చాలకుడిలో మలయాళ నటుడు ఇన్నోసెంట్, 2019లో కర్ణాటకలోని మండ్యలో సుమలత, అదే ఏడాది మహారాష్ట్రలోని అమరావతిలో (మన రాజధాని కాదు, విదర్భలో ఉన్న ఊరు) నవనీత్ కౌర్ రాణా, ముగ్గురూ ఇండిపెండెంట్లుగానే లోక్‌సభకు వెళ్లారు. అయితే ఒక్కసారి వాళ్ల వెనక ఎవరున్నారో చూడండి. ఇన్నోసెంట్‌ను నిలబెట్టింది వామపక్ష కూటమి. సుమలత కోసం బీజేపీ అసలు అభ్యర్థినే పెట్టలేదు. నవనీత్‌కు ఎన్సీపీ, కాంగ్రెస్ మద్దతిచ్చాయి. అందుకే నన్నెవరైనా ఈ ప్రశ్న అడిగితే, మీ హీరోకి ఎంతమంది ఫ్యాన్స్ ఉన్నారని అడగను, ఆయన కోసం ఏ పెద్ద పార్టీ సీటు వదులుకుంటుందని అడుగుతా. దానికి జవాబు లేకపోతే గెలుపు మాట అటుంచి రెండో స్థానం కూడా కష్టమే.

మరి ఎన్టీఆర్ గెలవలేదా? ఆయన కూడా సినిమా నుంచి నేరుగా వచ్చినాయనే కదా?

వచ్చారు, కానీ ఒంటరిగా రాలేదు. 1982 మార్చి 29న పార్టీ పెట్టి, రాష్ట్రమంతా తిరిగి, ఊరూరా మనుషుల్ని నిలబెట్టుకుని 1983 జనవరిలో గెలిచారు. మన హిందూపురం ఆయన్ను 1985, 1989, 1994లో మూడుసార్లు అసెంబ్లీకి పంపింది. ఇందులో 1989 సంగతి అభిమానులు గుర్తుపెట్టుకోవాలి. అదే ఎన్నికల్లో ఆయన హిందూపురంలో గెలిచి కల్వకుర్తిలో ఓడిపోయారు. మనిషి ఒకరే, మొహం ఒకటే, గుర్తు ఒకటే. ఎన్టీఆరంతటి వాడికే చోటును బట్టి ఫలితం మారిపోయింది.

చిరంజీవి, పవన్ కల్యాణ్ అనుభవం ఏం చెబుతోంది?

ప్రజారాజ్యం 2008లో తిరుపతిలో పుట్టింది. సభకు వచ్చిన జనాన్ని చూసి చాలామంది సీఎం అయిపోయినట్టే అనుకున్నారు. 2009లో 294 సీట్లకు 18 వచ్చాయి, లోక్‌సభలో ఒక్కటీ రాలేదు. చిరంజీవి తిరుపతిలో గెలిచినా పాలకొల్లులో ఓడారు. 2019లో పవన్ కల్యాణ్ గాజువాక, భీమవరం రెండుచోట్లా ఓడిపోయారు, జనసేనకు దక్కింది ఒక్క రాజోలు. అదే మనిషి 2024లో టీడీపీ, బీజేపీలతో కలిసి వెళ్తే జనసేన పోటీ చేసిన 21 అసెంబ్లీ, 2 లోక్‌సభ సీట్లూ గెలిచింది, పిఠాపురంలో ఆయనకు 70 వేలకు పైగా మెజారిటీ. ఐదేళ్లలో ఆయన స్టార్‌డమ్ ఏమన్నా పది రెట్లు పెరిగిందా? లేదు కదా. ఓట్లు చీలకుండా పొత్తు కుదిరింది, ప్రభుత్వం మీద వ్యతిరేకత తోడైంది.

అసలు దేశంలో ఎంతమంది ఇండిపెండెంట్లు ఎంపీలుగా గెలుస్తున్నారు?

మొదటి లోక్‌సభలో 37 మంది, 1957లో 42 మంది గెలిచారు. అప్పటికి పార్టీలు ఇంత గట్టిగా వేళ్లూనుకోలేదు. 1991లో ఒక్కరే మిగిలారు. 2014లో ముగ్గురు, 2019లో నలుగురు, 2024లో ఏడుగురు. 2024లో దేశం మొత్తం మీద 3,900 మందికి పైగా ఇండిపెండెంట్లు నిలబడితే గెలిచింది ఆ ఏడుగురే, మిగిలిన వాళ్లలో దాదాపు అందరికీ డిపాజిట్లు పోయాయి. ఆ ఏడుగురిలో సినిమా వాళ్లు ఒక్కరూ లేరు. పైగా పంజాబ్‌లోని ఫరీద్‌కోట్‌లో ఆప్ తరఫున నటుడు కరంజీత్ అన్‌మోల్, బీజేపీ తరఫున గాయకుడు హన్స్ రాజ్ హన్స్ నిలబడితే, ఇద్దరినీ ఓడించి గెలిచింది ఒక ఇండిపెండెంట్, సరబ్‌జీత్ సింగ్ ఖల్సా. అక్కడ జనంలో ఉన్న కోపం ముందు పాటా పని చేయలేదు, నటనా పని చేయలేదు.

సుమలత మండ్యలో గెలిచారు కదా, అదే పద్ధతి అనంతపురంలో పెడితే ఎందుకు పనిచేయదు?

ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం, ఎందుకంటే మండ్య మనకు పరాయి ఊరేం కాదు, పక్క రాష్ట్రమే, సుమలత మనకు తెలుగు సినిమాల్లో తెలిసిన మనిషే. అక్కడేం జరిగిందో వరసగా చెప్తా. భర్త అంబరీష్ 2018 నవంబరులో చనిపోయారు. ఆయన మండ్య మనిషి, అక్కడి నుంచే ఎంపీ అయినాయన, జిల్లా అంతా ఆయన్ను ఇంట్లో మనిషిలా చూసుకుంది. సుమలత కాంగ్రెస్ టికెట్ అడిగారు. పొత్తులో ఆ సీటు జేడీఎస్‌కు పోయింది, ముఖ్యమంత్రి కుమారస్వామి కొడుకు నిఖిల్‌ను నిలబెట్టారు. అప్పుడు సుమలత సొంతంగా దిగారు. బీజేపీ అభ్యర్థిని పెట్టకుండా మద్దతిచ్చింది, రైతు సంఘం మద్దతిచ్చింది, పొత్తు నచ్చని కాంగ్రెస్ కార్యకర్తలు లోలోపల పనిచేశారు, హీరోలు యశ్, దర్శన్ పల్లెలన్నీ తిరిగారు. జిల్లాలోని ఏడు అసెంబ్లీ సీట్లూ జేడీఎస్ చేతిలో ఉన్నా 1,25,876 ఓట్ల మెజారిటీతో గెలిచారు.

అక్కడ పోటీ ఇద్దరి మధ్యే జరిగింది, జేడీఎస్ వ్యతిరేక ఓటు మొత్తం ఆమెకే పడే అవకాశం దొరికింది. మన దగ్గర టీడీపీ కూటమి, వైసీపీ రెండూ తమ అభ్యర్థిని తప్పకుండా పెడతాయి. ఇంకో పెద్ద తేడా ఏంటంటే, 2019లో కర్ణాటకలో జరిగింది ఒక్క లోక్‌సభ ఎన్నికే, అసెంబ్లీ ముందు ఏడాదే అయిపోయింది. మన రాష్ట్రంలో 1999 నుంచి రెండూ ఒకేరోజు. బూత్‌లోకి వెళ్లే మనిషి మనసులో ఉండేది ఎమ్మెల్యే. ఎంపీ ఓటు దాని వెనకాలే పోతుంది. చాలకుడిలో, విదర్భ అమరావతిలో కూడా ఆ రోజు ఉన్నది ఎంపీ ఓటు ఒక్కటే అని గమనించండి.

ప్రకాశ్ రాజ్ అంత తెలిసిన నటుడు, ఆయనెందుకు ఓడిపోయారు?

2019లో బెంగళూరు సెంట్రల్‌లో ఇండిపెండెంట్‌గా నిలబడ్డారు. బీజేపీ, కాంగ్రెస్ రెండూ తమ అభ్యర్థుల్ని పెట్టాయి, ఎవరూ ఆయన కోసం తప్పుకోలేదు. 29 వేల లోపు ఓట్లొచ్చాయి, డిపాజిట్ పోయింది. ఎన్నికలకు నెలల ముందే పోటీ చేస్తానని ప్రకటించారు, వీధివీధీ తిరిగారు, మాట్లాడటం తెలిసిన మనిషి. ప్రయత్నంలో లోపం ఉందని నేను అనుకోను.

బయట దేశాల్లో నటులు ఏకంగా అధ్యక్షులయ్యారు, ఇక్కడెందుకు కారు?

ఉక్రెయిన్‌లో హాస్యనటుడు జెలెన్‌స్కీ 2019లో రెండో రౌండ్‌లో 73 శాతం ఓట్లతో గెలిచారు. ఆయనకూ సొంత పార్టీ ఉంది, అది అలా ఉంచితే అక్కడ జనం నేరుగా అధ్యక్షుడికే ఓటేస్తారు. దేశం మొత్తం ఒకే నియోజకవర్గం లాంటిది, టీవీలో కనిపించే మొహానికి అది బాగా కలిసొస్తుంది. మన దగ్గర 543 చోట్ల 543 వేరువేరు ఎన్నికలు. దేశమంతా తెలిసిన మనిషికైనా ఓటేసేది ఆలూరు, పత్తికొండ, మంత్రాలయం జనమే. అమెరికాలోనూ చూడండి, 1992లో రాస్ పెరో అనే ధనవంతుడు ఇండిపెండెంట్‌గా నిలబడి దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకున్నాడు, అక్కడి పద్ధతిలో రాష్ట్రాలవారీగా లెక్కిస్తే ఆయనకు ఒక్క ఎలక్టోరల్ ఓటు కూడా రాలేదు. ఓట్లు అంతటా పరుచుకుని ఉంటే సరిపోదు, ఒకచోట కుప్ప పడాలి.

జాతీయ స్థాయిలో ఇండిపెండెంట్ గెలిచిన ఎన్నిక ఒక్కటి కూడా లేదా?

ఉంది, అందులో ఓడిపోయింది మన అనంతపురం మనిషే. 1969 రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, మన ఇల్లూరు ఆయన. పోటీ కోసం లోక్‌సభ స్పీకర్ పదవి వదులుకున్నారు. ఎదురుగా వి.వి. గిరి, ఇండిపెండెంట్, ఆయనా తెలుగువారే. సొంత పార్టీ అభ్యర్థి ఉండగానే ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమన్నారు, పార్టీ నిలువునా చీలింది, రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించాక గిరి గెలిచారు. పేరుకు ఇండిపెండెంటే, వెనక ఉన్నది దేశ ప్రధాని. సంజీవరెడ్డి 1977లో నంద్యాల నుంచి జనతా పార్టీ తరఫున గెలిచి, అదే ఏడాది పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. మా తాత ఈ కథ చెప్పినప్పుడల్లా ఆయన గొంతులో బాధ వినిపించేది.

ఇండిపెండెంట్ ఎంపీ ప్రధానమంత్రి కావచ్చా?

రాజ్యాంగం అడ్డు చెప్పదు. సభలో సగం కంటే ఎక్కువ మంది, అంటే 272 మంది మద్దతు ఉంటే చాలు, పార్టీ సభ్యత్వం ఉండాలని ఎక్కడా లేదు. జార్ఖండ్‌లో ఇండిపెండెంట్ ఎమ్మెల్యే మధు కోడా 2006లో ముఖ్యమంత్రి అయ్యి దాదాపు రెండేళ్లున్నారు, పెద్ద పార్టీలు ఎత్తుకుని కూర్చోబెడితే. కేంద్రంలో ఇప్పటిదాకా అలా జరగలేదు.

## నామినేషన్ దశ

హీరోకి ఓటు హైదరాబాద్‌లో ఉంది, కర్నూలు నుంచి నిలబడొచ్చా?

లోక్‌సభకైతే నిలబడొచ్చు. దేశంలో ఎక్కడ ఓటున్నా ఫర్వాలేదు, ఆ ఓటరు జాబితా సర్టిఫైడ్ కాపీ నామినేషన్‌తో పెట్టాలి. వయసు 25 నిండాలి. అసెంబ్లీకి మాత్రం ఇదే రాష్ట్రంలో ఓటుండాలి. ఈ తేడా తెలియక చాలామంది వాదించుకుంటారు.

డిపాజిట్ ఎంత? సంతకాలు ఎంతమందివి కావాలి?

లోక్‌సభకు 25 వేలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 12,500. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రపోజర్ (పేరు ప్రతిపాదిస్తూ సంతకం పెట్టే ఓటరు) చాలు, ఇండిపెండెంట్‌కు పదిమంది కావాలి, పదిమందీ అదే లోక్‌సభ నియోజకవర్గంలో ఓటర్లయి ఉండాలి. ఇక్కడే మనోళ్లు దెబ్బతింటారు. అభిమాన సంఘం జిల్లా ప్రెసిడెంట్ అని ఒకాయన వచ్చి సంతకం పెడతాడు, తీరా చూస్తే ఆయన ఓటు నంద్యాల సీటు కింద ఉంటుంది. పాణ్యం, డోన్ నంద్యాల లోక్‌సభలోకి వస్తాయి, కోడుమూరు, పత్తికొండ కర్నూలు లోక్‌సభలోకి. కర్నూలు టౌన్ పక్కనే ఉన్న కల్లూరు కూడా పాణ్యం సెగ్మెంటే, కాబట్టి రెండు వీధులు దాటితే లోక్‌సభ సీటే మారిపోతుంది. ఓటరు జాబితాలో పార్ట్ నంబరు, సీరియల్ నంబరు చూసుకోకుండా ఎవరి సంతకమూ తీసుకోవద్దు. నామినేషన్ పత్రాలు నాలుగు సెట్ల వరకు వేయొచ్చు కాబట్టి వేర్వేరు ప్రపోజర్లతో నాలుగూ వేయడం మంచిది. అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలకూడదు, వర్తించకపోతే లేదు అని రాయాలి.

గుర్తు మనం అడిగింది ఇస్తారా?

ఎన్నికల సంఘం ఖాళీ గుర్తుల జాబితా ఇస్తుంది, అందులోంచి మూడు వరస క్రమంలో కోరుకోవాలి. అదే గుర్తు ఇంకో ఇండిపెండెంట్ కూడా అడిగితే లాటరీ. ఉపసంహరణ గడువు అయ్యాక గానీ గుర్తు చేతికి రాదు, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. 2024లో మన రాష్ట్రంలో ఉపసంహరణ ఏప్రిల్ 29తో అయిపోయింది, పోలింగ్ మే 13, ప్రచారం మే 11 సాయంత్రానికి బంద్. అంటే గుర్తు వచ్చాక మిగిలింది పన్నెండు రోజులు. ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు, సుమారు పదహారు లక్షల పైచిలుకు ఓటర్లు, నలభై దాటిన ఎండలు. సైకిలు, ఫ్యాను జనానికి ఏళ్ల తరబడి కంటికి అలవాటైన గుర్తులు. ఇండిపెండెంట్ కొత్త గుర్తును ఆ పన్నెండు రోజుల్లోనే గడపగడపకూ తీసుకెళ్లాలి.

అదే పేరున్న వేరేవాళ్లను నిలబెడితే?

నిలబెడతారు, ఆ భయం నిజమే. మండ్యలో సుమలతతో పాటు అదే పేరున్న ఇంకో ముగ్గురు సుమలతలు బరిలో ఉన్నారు. బ్యాలెట్‌లో గుర్తింపు పొందిన పార్టీలవాళ్లు పైన, తర్వాత చిన్న పార్టీలు, చివర్లో ఇండిపెండెంట్లు అక్షర క్రమంలో వస్తారు, కాబట్టి ఒకే పేరున్నవాళ్లు పక్కపక్కనే పడతారు. 2015 నుంచి ఫొటో కూడా వేస్తున్నారు, సినిమా మొహానికి ఇది నిజంగా మేలు చేసే విషయం. ప్రచారంలో పేరు కంటే వరస నంబరు, గుర్తు ఎక్కువసార్లు చెప్పండి.

## ప్రచార దశ

మా హీరో వస్తే అనంతపురంలో రోడ్లు బ్లాక్ అవుతాయి. ఆ జనమంతా ఓట్లు కాదా?

ఒకసారి సుభాష్ రోడ్డులో బట్టల షాపు ఓపెనింగ్‌కు ఒక హీరో వచ్చాడు, నేనూ పోయి నిలబడ్డా. నా పక్కన ఉన్న ముగ్గురు పిల్లలు ఇంటర్ ఫస్టియర్, ఓటే లేదు. వెనకాల బైకు మీద నిలబడి ఈలలేస్తున్నాయన బళ్లారి నుంచి వచ్చాడంట. ఇంకో గుంపు ధర్మవరం నుంచి, వాళ్ల ఓటు హిందూపురం లోక్‌సభ కిందికి పోతుంది. గోడ మీద ఎక్కిన ఒక పెద్దాయనను అడిగితే, "సినిమా ఈయనది చూస్తాం, ఓటు మా ఎమ్మెల్యే చెప్పినోళ్లకు ఏస్తాం గదప్పా" అన్నాడు, దాచుకోకుండా. ఆయన మాటలో కపటం లేదు. అభిమానం వేరు, రేషన్ కార్డు, పింఛను, బోరు కరెంటు పని పడినప్పుడు పోయే గడప వేరు. జనం రావడం మంచిదే, కానీ వచ్చినవాళ్లలో ఈ ఏడు సెగ్మెంట్ల ఓటర్లు ఎంతమందో ఆ సాయంత్రమే లెక్క వేసుకోవాలి.

ఇన్‌స్టా, యూట్యూబ్‌లో లక్షల ఫాలోవర్లు ఉన్నారు కదా, ప్రచారం దానితోనే అయిపోదా?

ఫాలోవర్లు రెండు తెలుగు రాష్ట్రాలతో పాటు బెంగళూరు, దుబాయ్, అమెరికా వరకు ఉంటారు. ఆదోని, ఆలూరు, కోసిగి వైపు పల్లెల్లో సగం ఇళ్లకు పనికోసం ఊరు వదిలిపోయిన మనిషి ఉంటాడు, బెంగళూరులో బిల్డింగ్ పనులకో, గుంటూరు వైపు మిరప కోతలకో. పోలింగ్ నాటికి వాళ్లకు ఫోన్ చేసి రమ్మని చెప్పేది ఊళ్లో ఉన్న పార్టీ మనిషి, రీల్ కాదు. ఇంకొకటి, సోషల్ మీడియాలో డబ్బులిచ్చి వేసే యాడ్స్‌కు ముందే ఎన్నికల సంఘం మీడియా కమిటీ అనుమతి తీసుకోవాలి, ఆ ఖర్చు కూడా అభ్యర్థి లెక్కలోకి వస్తుంది, ఖాతాల వివరాలు అఫిడవిట్‌లో రాయాలి.

డబ్బున్న హీరో అయితే ఖర్చు సమస్య ఉండదు కదా?

చట్టం ఒప్పుకునే ఖర్చు లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు, సొంత డబ్బు ఎన్ని కోట్లున్నా అంతే. రాష్ట్రంలో 2024లో దాదాపు 46 వేల పోలింగ్ బూత్‌లు, ఒక్కో లోక్‌సభకు సగటున 1,850 వేసుకోండి. 95 లక్షలు పంచితే బూత్‌కు ఐదు వేల చిల్లర. అందులోనే కరపత్రాలు, జీపు, మైకు, ఏజెంట్ భోజనం అన్నీ. పార్టీ అభ్యర్థికీ అదే పరిమితి, కానీ పార్టీ తన సాధారణ ప్రచారానికి పెట్టే ఖర్చుకు పరిమితి లేదు. పేపర్లో ఫుల్ పేజీ యాడ్, రాష్ట్రమంతా హోర్డింగులు పార్టీ ఖాతాలో పోతాయి. ఇండిపెండెంట్‌కు ఆ రెండో జేబు లేదు. నాకు దీంట్లో కనిపించేది పచ్చి అన్యాయం, దీని గురించి మాట్లాడేవాళ్లు చాలా తక్కువ.

తోటి హీరోలు వచ్చి ప్రచారం చేస్తే?

రావొచ్చు, కానీ లెక్క తెలుసుకుని పిలవండి. గుర్తింపు పొందిన పార్టీకి 40 మంది, గుర్తింపు లేని రిజిస్టర్డ్ పార్టీకి 20 మంది స్టార్ క్యాంపెయినర్లు ఉంటారు, వాళ్ల ప్రయాణ ఖర్చు అభ్యర్థి మీద పడదు. ఇండిపెండెంట్‌కు అలాంటి జాబితానే ఉండదు. స్నేహితుడైన హీరో హెలికాప్టర్‌లో ఎమ్మిగనూరు వచ్చి దిగితే ఆ ఖర్చు మొత్తం ఆ 95 లక్షల్లోంచే పోతుంది.

అభిమాన సంఘాలే బూత్ కమిటీలుగా పనిచేయవా?

చేయగలవు, కష్టపడితే. రక్తదానాలు, అన్నదానాలు చేసే సంఘాల్లో మంచి కుర్రాళ్లున్నారు, నాకు వాళ్లంటే గౌరవం. కానీ సంఘాలు ఎక్కువగా టౌన్లలో, మండల కేంద్రాల్లో ఉంటాయి. ఊళ్లో ఏ ఇల్లు ఏ వర్గమో, ఎవరు ఎవరి మాట వింటారో తెలిసినవాడు వేరే. మన పల్లెల్లో రెండు వర్గాలుంటాయి, మూడో మనిషి జెండా పట్టుకుంటే ఇద్దరికీ పడడు. ఆ కుర్రాడు ఎన్నికయ్యాక కూడా అదే ఊళ్లో బతకాలి. రెండేళ్ల ముందు నుంచే బూత్‌కు ఇద్దరు చొప్పున పేర్లు రాసుకోకపోతే నామినేషన్ వేశాక మొదలుపెట్టి ప్రయోజనం లేదు.

## పోలింగ్, లెక్కింపు దశ

ఎమ్మెల్యే ఓటు పార్టీకి, ఎంపీ ఓటు మా హీరోకి వేయమంటే జనం వేయరా?

కొంతమంది వేస్తారు. క్రాస్ ఓటింగ్ మన దగ్గర కొత్త కాదు. కానీ గెలిపించేంత వేయించాలంటే ఊళ్లో ఉన్న నాయకుడే ఆ మాట చెప్పాలి, ఆయన తన పార్టీ ఎంపీ అభ్యర్థిని కాదని చెప్పడు. 2024 అసెంబ్లీ ఓట్లు చూస్తే కూటమి, వైసీపీ కలిపి దాదాపు 95 శాతం. మిగిలిన ఐదులోనే కాంగ్రెస్, కమ్యూనిస్టులు, నోటా, ఇండిపెండెంట్లు అందరూ. అదే ఏడాది కర్నూలు ఎంపీగా గెలిచిన బస్తిపాటి నాగరాజు అంతకుముందు ఎంపీటీసీ, రాష్ట్రంలో చాలామందికి పేరు కూడా తెలియదు, కర్నూలు మేయర్ బి.వై. రామయ్య మీద లక్షకు పైగా మెజారిటీ వచ్చింది. గుర్తు బలం అంటే అది.

పేరున్న కుటుంబం అయితే పార్టీ బలం లేకపోయినా గట్టెక్కొచ్చేమో?

కడపలో వైఎస్ కంటే పెద్ద పేరు లేదు. 2024లో వైఎస్ షర్మిల కాంగ్రెస్ రాష్ట్ర అధ్యక్షురాలిగా, చేతి గుర్తు మీద కడప ఎంపీగా నిలబడి మూడో స్థానంలో ఆగారు, వచ్చిన ఓట్లు లక్షా నలభై వేల చిల్లర. గెలిచింది వైసీపీ తరఫున అదే కుటుంబానికి చెందిన అవినాశ్ రెడ్డి, రెండో స్థానం టీడీపీది. ఇంటిపేరు, జాతీయ పార్టీ గుర్తు రెండూ ఉండి కూడా ఇలా జరిగింది.

పోలింగ్ ఏజెంట్లు లేకపోతే ఏమవుతుంది?

2024లో ఆస్పరి దగ్గర ఒక పల్లెలో నేను ఒక ఇండిపెండెంట్ తరఫున ఏజెంట్‌గా కూర్చున్నా. పొద్దున ఐదున్నరకు మాక్ పోలింగ్, కనీసం యాభై ఓట్లు వేసి చూపించి, చెరిపి, సీలు వేస్తారు. రెండు పార్టీల ఏజెంట్లకు ఎనిమిదింటికల్లా ఉగ్గాని, బజ్జీ వచ్చింది, ఎవరు ఓటేశారో లేదో బయట ఉన్న మనుషులకు తెలుస్తూనే ఉంది, రానివాళ్ల ఇళ్లకు మనిషి పోతున్నాడు. నా తరఫున బయట ఎవరూ లేరు. మా అభ్యర్థి గుర్తు ప్రెషర్ కుక్కర్. మధ్యాహ్నం భోజనానికి బయటికొస్తే, ముందురోజు నాకు మాటిచ్చిన ఒక అవ్వ రాయి మీద కూర్చుని ఉంది. "కుక్కరు కనపడల్యా నాయనా, వరసలో శానా ఉండాయి, ఎనకోళ్లు తొందర పెట్టిరి, ఫ్యానుకు నొక్కేస్తి" అంది, తప్పు చేసినట్టు మొహం పెట్టుకుని. ఆమె తప్పేం లేదు, ఆ గుర్తు ఆమె ఇంటికి రెండుసార్లు కూడా వెళ్లలేదు. సాయంత్రం 17సీ ఫారం (బూత్‌లో పోలైన ఓట్ల లెక్క) కాపీ తీసుకుని బస్సెక్కా. కౌంటింగ్‌లో ఆ బూత్‌లో మాకు పదకొండు ఓట్లు.

ఏజెంట్ లేని బూత్‌లో మోసం జరుగుతుందని నేను అనడం లేదు. మన ఓటరు వచ్చాడా లేదా చూసేవాడు, సాయంత్రం లెక్క రాసుకునేవాడు ఉండడు. 1,850 బూత్‌లకు అంతమంది మనుషులు కావాలి.

డిపాజిట్ దక్కాలంటే ఎన్ని ఓట్లు రావాలి?

చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి. 16 లక్షల పైచిలుకు ఓటర్లలో 80 శాతం పోలైతే 13 లక్షలు, అంటే దాదాపు 2 లక్షల 20 వేలు. గెలవాలంటే ముక్కోణపు పోటీలో కూడా నాలుగు లక్షలు దాటాలి. ఫలితం ఏదైనా 30 రోజుల్లో ఖర్చు లెక్కలు కలెక్టర్ ఆఫీసులో ఇవ్వాలి, సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే మూడేళ్లు అనర్హత పడొచ్చు. ఓడిపోయిన బాధలో చాలామంది దీన్ని మర్చిపోతారు.

## గెలిచిన తర్వాత

గెలిచాక అధికార పార్టీలో చేరిపోవచ్చా?

చేరితే సీటు పోతుంది. రాజ్యాంగంలోని పదో షెడ్యూల్ (పార్టీ ఫిరాయింపుల చట్టం) ప్రకారం ఇండిపెండెంట్‌గా గెలిచిన సభ్యుడు ఆ తర్వాత ఏ పార్టీలో చేరినా అనర్హుడే. నామినేటెడ్ సభ్యులకు ఆరు నెలల వెసులుబాటు ఉంది, ఇండిపెండెంట్‌కు అదీ లేదు. మద్దతు ఇవ్వొచ్చు, ఓటింగ్‌లో కలవొచ్చు. అందుకే సుమలత 2023లో బీజేపీకి మద్దతు ప్రకటించి, చేరడం మాత్రం 2024 ఎన్నికల వేళ చేరారు.

ఒంటరి ఎంపీ వల్ల మన జిల్లాకు ఏం ఒరుగుతుంది?

ఎంపీ ల్యాడ్స్ (నియోజకవర్గ అభివృద్ధి పనుల నిధులు) ఏడాదికి 5 కోట్లు అందరితో సమానంగా వస్తాయి. విప్ (పార్టీ చెప్పినట్టే ఓటేయాలనే ఆదేశం) భయం లేదు, మనసులో మాట చెప్పొచ్చు, అది చిన్న విషయం కాదు. కానీ సభలో మాట్లాడే సమయాన్ని పార్టీల బలాన్ని బట్టి పంచుతారు కాబట్టి ఒంటరి సభ్యుడికి దొరికేది నిమిషాలే. రైల్వే లైను, హంద్రీ-నీవా నీళ్లు లాంటివి కదలాలంటే రాష్ట్ర ప్రభుత్వంతో, కేంద్రంతో రెండింటితో పని ఉంటుంది. హీరో ఫోన్ చేస్తే మంత్రులు ఎత్తుతారు, నిజమే. ఫైలు కదలాలంటే వారం వారం వెంటపడే ఆఫీసు, అందులో పని తెలిసిన మనిషి కావాలి. నిలబడే ముందే మీ హీరోని ఈ ఒక్క మాట అడగండి, షూటింగ్‌లు ఆపుకుని నెలలో ఎన్ని రోజులు కర్నూల్లో ఉంటావని.

ఒకసారి గెలిస్తే రెండోసారి కూడా గెలుస్తారా?

ఇన్నోసెంట్ 2019లో ఇండిపెండెంట్‌గా కాకుండా సీపీఎం గుర్తు మీదే చాలకుడిలో నిలబడి కాంగ్రెస్ అభ్యర్థి బెన్నీ బెహనాన్ చేతిలో ఓడిపోయారు. నవనీత్ రాణా 2024లో బీజేపీ అభ్యర్థిగా అమరావతిలో కాంగ్రెస్‌కు చెందిన బల్వంత్ వాంఖడే చేతిలో ఓడారు. సుమలత 2024లో పోటీయే చేయలేదు. బీజేపీ మండ్య సీటును పొత్తులో జేడీఎస్‌కు ఇచ్చింది, ఐదేళ్ల కింద ఆమె ఎవరి కొడుకును ఓడించారో ఆ కుమారస్వామే అక్కడ నిలబడి గెలిచారు.